ఒడుగత్తూరు పనికి రంజని బండి

నేను కట్టిన నీళ్ళ తొట్లు అరవై ఒకటి. భూమిలోకి దించినవి నలభై నాలుగు, మిద్దెల మీద నిలబెట్టినవి పదిహేడు. మేముండే గుడియాత్తంలో ఉన్నాయి, వేలూరులో ఉన్నాయి, ఆర్కాడు దాటి కూడా ఉన్నాయి. ఒక్కటీ కారలేదు. ఈ మాట నేను ఎక్కడ చెప్పినా కాదన్న మనిషి లేడు. మేల్పాడి పక్కన మా పల్లె బడిలో అయిదో తరగతి దాకా తెలుగులో చదివాను. ఈ అరవదేశంలో మా బంధువుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు వందల మంది, చదవగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందుకే మా ఇళ్ళలో పెళ్ళి పత్రిక వేస్తే తెలుగు వైపు రాసేది ఈ గోవిందరాజే. డెబ్బై ఒకటో ఏట కూడా అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను.

నా సంగతి ఇంతటితో ఆపుతాను. ఇది మా రంజని గురించి.

రంజని నా తమ్ముడు ధనపాల్ కోడలు. వయసు ముప్పై మూడు. పుట్టిల్లు ఆర్కాడు. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన కొత్తలో అందరు ఆడవాళ్ళలాగే ఇసుక మోసింది, ఇటుకలు అందించింది, సిమెంటు కలిపింది. మా పనివాళ్ళలో తాపీ మగవాళ్ళ చేతిలో ఉంటుంది, గంప ఆడవాళ్ళ నెత్తిన ఉంటుంది. ఒకరోజు నేను భోజనానికి దిగేసరికి, నేను సగంలో వదిలిన గోడకు ఆమె పూత పూసేసింది. మట్టపలక ఆనించి చూశాను. ఎక్కడా వెలుతురు దూరలేదు. మర్నాడు నా పాత తాపీ తెచ్చి ఆమె చేతికి ఇచ్చాను. ఆ రోజు నన్ను చూసి నవ్విన మేస్త్రీలు తర్వాత పూత పనికి ఆమెను అడిగి తీసుకుపోయారు. దాన్ని కూడా నేను నా ఘనతల్లో వేసుకుంటాను.

ధనపాల్ పోయి అయిదేళ్ళు. పోతూ పోతూ ఆమెకు ఒక పాత డీజిల్ బండిని వదిలి పోయాడు. ఇరవై ఏళ్ళ నాటి మోడల్, తొమ్మిది మంది కూర్చునేది, ఎత్తుగా గుండ్రాయిలా ఉంటుంది. మా వీధిలో దాన్ని పెద్ద బండి అంటారు. ఆమె భర్త కార్తి హోసూరులో టైల్స్ పరిచే పనిలో ఉన్నాడు, రెండు వారాలకొకసారి వస్తాడు. కాబట్టి బండి నడిపేవాళ్ళు లేక వాకిట్లోనే పడి ఉండేది. కౌండిన్య నది ఎండిన ఇసుకలోకి తీసుకుపోయి ఆమెకు నడపడం నేర్పించింది నేనే. ఇసుకలో నేర్చుకున్నవాళ్ళకు తారు రోడ్డు పరుపులాగా ఉంటుంది. ఆరు నెలలకు ఆమె ఆడకూలీలను ఎక్కించుకుని వేలూరు దాకా పనికి తీసుకుపోయి తీసుకొస్తూ ఉండేది.

మరమ్మతు మాత్రం నేను నేర్పింది కాదు. అది ఆమె సొంతం. ఫోనులో వీడియో చూస్తుంది, సిమెంటు సంచి చింపి లోపలి కాగితం మీద బొగ్గుతో బొమ్మ వేసుకుంటుంది, ఏ బోల్టు ఎక్కడినుంచి తీసిందో ఆ బొమ్మ మీదే ఆ బోల్టు పెడుతుంది. బ్రేకు ప్యాడ్లు మార్చింది, బ్యాటరీ తీగలు మార్చింది. మెకానిక్ మునుస్వామి ఆమెను చూస్తే, "ఏమ్మా, నా పొట్ట కొట్టేదానికే పుట్టినావా" అంటాడు. "నీ పొట్ట కొడితే నాకు చెయ్యి నొప్పన్నా" అంటుంది ఈమె. మునుస్వామి పొట్ట నిజంగానే పెద్దది.

ఈ ఏడు వేసవిలో ఒడుగత్తూరులో అణ్ణామలై అనే ఆయన కల్యాణమండపం కడుతున్నాడు. దానికి ముప్పై వేల లీటర్ల సంపు కావాలి. అంతవరకు మేము ఏ పని పట్టినా నా పేరు మీదే పట్టేవాళ్ళం. ఈసారి రంజని ఒక్కతే పోయి మాట్లాడి తన పేరు మీద పట్టుకొచ్చింది. ఆయన ఊరికే ఇవ్వలేదు.

"సోమవారం పొద్దున ఏడుకల్లా ఎనిమిది మంది మనుషులు, మీ సెంట్రింగు పలకలు, మీ పనిముట్లు నా స్థలంలో ఉండాల. రోజూ అట్లనే రావాల. ఇంతకుముందు ఇద్దరు మేస్త్రీలు రేపు మాపు అని నన్ను తిప్పినారు. ఏడు దాటితే ఇంకొకరిని పిలుస్తాను" అన్నాడట అరవంలో.

"నాకు సొంత బండి ఉండాది సార్. ఆరున్నరకే ఉంటాను" అని ఈమె చెప్పి వచ్చింది.

ఆ మాట మీదే పని ఇచ్చాడు. పలకలు, గునపాలు, ఎనిమిది మంది మనుషులు బస్సులో పోయేది కాదు. ఆ సోమవారం గట్టి ముహూర్తం, గుడియాత్తంలో ఉన్న అద్దె బండ్లన్నీ పెళ్ళిళ్ళకు మాట్లాడుకుని ఉన్నాయి. పెద్ద బండి పోతేనే రంజని పేరు మీద మొదటి పని. పోకపోతే లేదు.

దానికి ముందు వారమే బండి కింద నీళ్ళు చుక్క చుక్క కారడం మొదలైంది. ఆమె కింద దూరి చూసి వాటర్ పంపు పోయిందని తేల్చింది. బుధవారం వేలూరుకు పోయి పాత బస్టాండు దగ్గర జెన్సి కొట్టులో పంపు కొనుక్కొచ్చాం. జెన్సి నలభై దాటిన మనిషి. ఆమె తండ్రి పెట్టిన స్పేర్ పార్టుల కొట్టు అది, ఇప్పుడు ఆమే చూస్తోంది. బండి పేరు చెబితే చాలు, తిరిగి చూడకుండా వెనక అరలోకి చెయ్యి పెట్టి సరుకు తీస్తుంది. "పంపు విప్పుతా ఉండారు కదా, థర్మోస్టాటు కూడా మార్చేయండి. అదీ పాతదే" అని ఒక చిన్న డబ్బా ఇచ్చింది.

థర్మోస్టాటు అంటే ఇంజను లోపలి నీళ్ళకు ఒక తలుపు. నీళ్ళు బాగా కాగినప్పుడు తెరుచుకుని వాటిని రేడియేటరుకు పంపుతుంది, చల్లగా ఉన్నప్పుడు మూసుకుంటుంది. నడుమ స్ప్రింగు, చుట్టూ రూపాయి బిళ్ళలాగా రేకు అంచు. మర్నాడు పొద్దున రంజని కింద పడుకుని పంపు బిగిస్తోంది. నేను పైన కూర్చుని ఈ థర్మోస్టాటును చేతిలో తిప్పి చూస్తున్నాను. రేకు అంచులో ఒక చిన్న బెజ్జం కనిపించింది. అందులో ముక్కుపుడకంత పిన్ను ఒకటి వదులుగా ఊగుతోంది. కొత్త సరుకు, బెజ్జం, పైగా పిన్ను ఊడిపోయేటట్టు ఉంది. వెలుగుకు పెట్టి చూస్తే ఆ సందులోంచి ఆకాశం కనబడుతోంది. నీళ్ళను ఆపే తలుపుకు బెజ్జమేమిటి అనుకున్నాను. తొట్టి పగుళ్ళలో పెట్టే మైనం, రెండు రంగులూ కలిపి పిసికితే రాయిలా గట్టిపడేది, నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఇంత తీసి, పిసికి, పిన్నుతో సహా ఆ బెజ్జాన్ని రెండు వైపులా పూడ్చాను. వేలితో నున్నగా చేశాను. గట్టిపడ్డాక ఆమెకు అందించాను. జెన్సి కొట్టు సరుకులో ఉన్న లోపాన్ని నేను సరిచేశానన్న సంతోషంతో ఆ సంగతి ఆమెకు చెప్పనైనా లేదు. ఇంత చిన్న పనిని కూడా చెప్పుకుంటే ఎలా అని.

మధ్యాహ్నానికి బండి బిగించేశాం. ఒక్క చుక్క కారడం లేదు. ఆడకూలీలను తీసుకురావడానికి ఆమె వేలూరు వైపు బయలుదేరింది, నేనూ ఎక్కాను. పళ్ళికొండ దాటకముందే వేడి చూపే ముల్లు మధ్యనుంచి పైకి జరగడం మొదలుపెట్టింది. జరిగి జరిగి ఎర్రగీత మీద నిలబడింది. బానెట్టు సందులోంచి ఆవిరి. ఆమె ఒక చింతచెట్టు కింద బండి ఆపింది.

నేను మూత తీయడానికి చెయ్యి చాపాను. నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"వద్దు పెద్దమామా. ఇప్పుడు తీస్తే ముఖం మీదికి కొడతాది. అరగంట ఉండండి."

"అరగంటా? ఇట్ల అరగంటలు కూర్చుంటే సోమవారం ఏం చేస్తాం?"

"దాని గురించే కూర్చుని ఆలోచిస్తాను."

ఆ రోజు రెండుసార్లు ఆపి ఆపి ఇల్లు చేరాం. కూలీలు బస్సులో వచ్చారు.

శుక్రవారం ఆమె పనికి పోలేదు. సిమెంటు కాగితం ఒకటి గోడకు మేకు కొట్టి పెట్టి, బండి వేడెక్కడానికి ఏమేం కారణాలు ఉండొచ్చో వరసగా రాసుకుంది. రాత అరవంలో, ఆమెకు తెలుగు అక్షరాలు రావు. ఒక్కొక్కటే చూసి ఒక్కొక్కటే కొట్టేసింది. ఫ్యాన్ బెల్టు వేలితో నొక్కి చూసింది, బిగువుగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. రేడియేటరు మూత పాతది, కొత్తది తెచ్చి వేసింది. రేడియేటరు ముందు పట్టిన దుమ్మును, పురుగుల రెక్కల్ని వెనకవైపునుంచి నీళ్ళు కొట్టి కడిగింది. బండిని తిప్పి చూస్తే మళ్ళీ వీధి చివరి దాకా బాగుంది, పెద్ద రోడ్డెక్కగానే ముల్లు లేచింది.

నా భార్య పచ్చయమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది. పచ్చయమ్మ నాతో నలభై ఆరేళ్ళు పనిలో నడిచిన మనిషి, రంజని కూలీల్లో పెద్దది.

"పంపు మార్చకముందు ఒట్టి చుక్కే కారింది. ఇప్పుడు కుండే పొంగుతా ఉండాది. మామా కోడలూ కలిసి బాగానే చేసినారు" అంది.

"నువ్వు నోరు మూసుకుంటే సగం వేడి తగ్గతాది" అన్నాను.

"ఇంజనుదా, నీదా?"

శనివారం మునుస్వామిని పిలిపించాం. ఆయన ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాడు, ఆవిరి చూశాడు, పెదవి విరిచాడు.

"హెడ్ గ్యాస్కెట్ పోయిందమ్మా. ఇంజను తల విప్పాల. లేతుకు పంపాల. పదిహేను రోజులు పట్టతాది."

రంజని పోయి ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగింది, గుడ్డ మీద తుడిచి ఆయన ముందు పెట్టింది.

"గ్యాస్కెట్ పోయింటే నూనెలో నీళ్ళు కలిసి మజ్జిగ మాదిరి తెల్లగా ఉండాల కదన్నా. ఇది నల్లగానే ఉండాది చూడు. పొగ కూడా తెల్లగా లేదు."

మునుస్వామి కడ్డీ తీసుకుని చూశాడు, వాసన చూశాడు. "ఒక్కోసారి మొదట్లో తెలీదమ్మా" అన్నాడు, కానీ గొంతులో బలం తగ్గింది. "సరి. సోమవారం దాకా చూడు. కాకుంటే నా దగ్గరికే తీసుకురా" అని పోయాడు.

ఆయన పోయాక ఆమె బండి మెట్టు మీద కూర్చుంది. అంతవరకు ఆమె భయపడడం నేను చూడలేదు. చేతిలో కడ్డీని అలాగే పట్టుకుని, "పెద్దమామా, అణ్ణామలై సారుకు ఫోను చేసి మీ పేరు చెప్పేదా? మీరు వేలూరులో ఎవరినన్నా పట్టి పని మొదలుపెట్టించండి. పని పోకుండా ఉంటే చాలు" అంది.

నా పేరు చెబితే పని నిలబడేదే. నాకు ఆ ఊళ్ళో పేరుంది. అయినా నేను ఒప్పుకోలేదు. "ఇంకా ఒక దినం ఉండాది. ఆ కొట్టామెను అడుగు" అన్నాను.

జెన్సికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. జెన్సి అంతా విని ఒకటే అడిగింది. "హీటరు వేసి చూశావా?"

"వేలూరు ఎండలో హీటరు ఎవరు వేస్తారక్కా?"

"వెయ్యి. ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయినప్పుడు వెయ్యి. లోపలికి వేడి గాలి వస్తా ఉందా, చల్లగాలి వస్తా ఉందా చెప్పు."

అద్దాలు ఎత్తుకుని ఆ ఎండలో మేమిద్దరం హీటరు వేసుకుని కూర్చున్నాం. పక్కింటి శరణ్య కిటికీలోంచి చూసి, "తాతకు చలి జొరమా అక్కా" అని అడిగింది. ముల్లు ఎర్రగీతకు చేరింది. బయట ఇంజను కుతకుతలాడుతోంది. లోపల హీటరు సందులోంచి చల్లగాలి వస్తోంది.

"చల్లగానే ఉండాదక్కా."

"అయితే నీళ్ళు అక్కడికి పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో నువ్వే చూడాల. చూసి నాకు చెప్పు" అని జెన్సి పెట్టేసింది. కొట్టులో ఎవరో వచ్చినట్టున్నారు.

మా ఇళ్ళలో ఒక వాడుక ఉంది. కొత్త పని మొదలుపెట్టే ముందు రోజు పనిముట్లన్నీ కడిగి పసుపు పెడతాం, మట్టం చూసే ట్యూబులో నీళ్ళు నింపి సరిచూస్తాం. పొడుగాటి పారదర్శకమైన ట్యూబు అది. రెండు కొసలు ఎంత దూరంలో ఉన్నా లోపలి నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి, ఆ ఎత్తు చూసే గోడలకు గీత కొడతాం. బండి సంగతి తేలకపోయినా ఆదివారం పొద్దున్నే పచ్చయమ్మ ఆ పని మానలేదు. "బండి పోతే పోతాది, పని మొదలుపెట్టేదానికి పసుపు పెట్టకుంటే నాకు మనసొప్పదు" అంది.

ఒక కొస పచ్చయమ్మ పట్టుకుంది, రెండో కొస రంజని పట్టుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నీళ్ళు సమంగా లేవు. పచ్చయమ్మ వైపు వేలెడు కిందికి ఉన్నాయి.

"నీ వైపు కొట్టు" అంది పచ్చయమ్మ. "నడుమ బుడగ నిలిచి ఉండాది. దాని అవతలి నీళ్ళు, ఇవతలి నీళ్ళు మాట్లాడుకోవడం లేదు."

రంజని ట్యూబును వేలితో కొట్టింది. బుడగ లేచి పైకి పోయింది. నీళ్ళు రెండు వైపులా సమానంగా నిలిచాయి. ఆమె మాత్రం ట్యూబు వదలకుండా అలాగే నిలబడింది.

"ఏమే, పసుపు తీసుకురా" అంది పచ్చయమ్మ.

"అత్తా, బండిలో బుడగ ఉండాది" అంది రంజని.

పసుపు పచ్చయమ్మే తెచ్చుకోవాల్సి వచ్చింది. రంజని పోయి బండిని మా ఇంటి ముందర ఉన్న ఏటవాలు మీద ముక్కు పైకి ఉండేటట్టు ఎక్కించింది. బుడగ ఎప్పుడూ ఎత్తుకు పోతుంది కదా, రేడియేటరు మూతే అన్నిటికన్నా ఎత్తులో ఉండాలని. మూత తీసి, హీటరు వేసి, ఇంజను నడుస్తుండగా దాన్ని చల్లబరిచే కూలెంటు కొంచెం కొంచెంగా పోసింది. గుడగుడమని బుడగలు వచ్చాయి. ఒక లీటరు పైగా లోపలికి పోయింది. హీటరులోంచి మొదటిసారి వెచ్చని గాలి వచ్చింది. నేను లోపల కూర్చుని చెమటలు కారుతూ, "వేడి, వేడి" అని చెబుతున్నాను. మా వీధిలో ఆ మాటకు అంత సంతోషపడిన మనిషి ఎవరూ ఉండరు.

కానీ సంతోషం పళ్ళికొండ దాకా కూడా రాలేదు. ముల్లు కొంచెం ఆలస్యంగానే లేచింది గానీ లేచింది. వెనక్కి వచ్చేశాం. అప్పటికి ఆదివారం మధ్యాహ్నం. ఆమె మళ్ళీ జెన్సికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"గాలి తీసినానక్కా. సగం నయమైంది. మళ్ళీ గాలి నిలుస్తా ఉండాది."

"సగం నయమైందంటే దోవ సరిగ్గానే పట్టినావు" అంది జెన్సి. "ఇప్పుడు చెప్పు, థర్మోస్టాటు బిగించేటప్పుడు ఆ చిన్న పిన్ను ఉన్న బెజ్జం పై వైపుకు పెట్టినావా, కింది వైపుకు పెట్టినావా?"

"ఏ పిన్ను?"

"అంచులో ఒక చిన్న పిన్ను ఊగుతా ఉంటాది. తలుపు మూసినప్పుడు గాలి బయటికి పోయే దోవ అదే. కిందికి పెడితే గాలి లోపలే ఉండిపోతాది. విప్పి చూడు."

రంజని నావైపు చూసింది. "మీరు చూసినారా పెద్దమామా, పిన్ను?"

నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. నా చేతివేళ్ళకు ఇంకా ఆ మైనం వాసన ఉన్నట్టు అనిపించింది. నిజం రాస్తున్నాను. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "నువ్వు పొద్దున్నుంచి తినలేదు. పోయి భోంచెయ్యి, నేను విప్పి చూస్తాను" అని. ఆమె తిని వచ్చేలోపల మేకుతో ఆ మైనాన్ని గోకేసి, పిన్ను కింది వైపుకు ఉండిందని చెప్పేస్తే సరిపోయేది. తప్పు ఆమెది అయ్యేది. చిన్న తప్పు, ఎవరైనా చేసేది. అరవై ఒక్క తొట్లు ఒక్కటీ కారని మనిషి పేరు అలాగే ఉండేది.

స్పానరు తీసుకుని లేచాను. పచ్చయమ్మ నా ముఖం చూసింది.

"ఏమయ్యా, అట్ల ఉండావు?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే నువ్వు నాతో అట్ల నెమ్మదిగా మాట్లాడవు."

నేను తిరిగి రంజని దగ్గరికి పోయి నిలబడ్డాను. "ఆ బెజ్జం నేను పూడ్చేసినాను" అన్నాను. "మైనం పెట్టి, పిన్నుతో సహా. కొత్త సరుకులో బెజ్జం ఉండాదని, కారతాదని పూడ్చినాను. నీకు చెప్పలేదు."

ఇంకా పెట్టేయని ఫోనులో జెన్సి నవ్వింది. నవ్వి, అరవంలో "అయ్యో తాతా" అని, తర్వాత మర్యాదగా ఆపేసింది.

రంజని నవ్వలేదు. కోప్పడనూ లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టుగా అడిగింది.

"పెద్దమామా, మీరు సంపుకు పైన కప్పు వేసేటప్పుడు గాలిగొట్టం పెట్టకుండా ఎప్పుడైనా మూసినారా?"

"ఎప్పుడూ లేదు. గాలి పోకుంటే నీళ్ళు ఎట్ల నిండతాయి?"

"ఇదీ గాలిగొట్టమే మామా."

అరవై ఒక్క తొట్లకు అరవై ఒక్క గాలిగొట్టాలు పెట్టిన చెయ్యి ఇది. పచ్చయమ్మ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. ఆమె లోపలికి పోయి, బోల్టులు వేసుకోమని ఒక సత్తు గిన్నె తెచ్చి పెట్టింది.

ఇద్దరం కలిసి విప్పాం. ఆమె కింద, నేను పైన. కూలెంటును బక్కెట్లోకి వదిలి, హోసు తీసి, థర్మోస్టాటును బయటికి తీస్తే నా మైనం ఎంత చక్కగా పట్టుకుని ఉందంటే, అంత వేడిలో ఉడికినా వెంట్రుకవాసి కదల్లేదు. ఆ మాట నేను పైకి అన్నాను. "పని మాత్రం గట్టిదే" అంది రంజని, ఈసారి నవ్వుతూ. సూదితో, బ్లేడుతో అరగంట సేపు గోకి తీసింది. పిన్ను మళ్ళీ ఊగింది.

అంత వేడి తిన్నాక అది పనిచేస్తుందో లేదో అని సత్తు గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి దాన్ని వేలాడదీసి, గ్యాసు పొయ్యి మీద కాచాం. పచ్చయమ్మ, రంజని, నేను, గోడ అవతలనుంచి శరణ్య, నలుగురమూ ఆ గిన్నెలోకే చూస్తున్నాం. నీళ్ళు మసలడానికి కాస్త ముందు అది మెల్లగా నోరు తెరిచింది. పొయ్యి ఆపితే మెల్లగా మూసుకుంది.

"బాగుండాది" అంది రంజని.

"గిన్నె ఇంక బండికే పెట్టుకోండి. అందులో నేను వండను" అంది పచ్చయమ్మ.

పిన్ను పై వైపుకు ఉండేటట్టు పెట్టాం. దాని మూత కింద వేసే కొత్త గ్యాస్కెట్ అట్ట ఆమె దగ్గర లేదు, పాతది నలిగింది. డబ్బా అట్టను ఆ ఆకారానికి కత్తిరిద్దామా అన్నాను. ఆమె వద్దని, గుడియాత్తం బజారుకు పోయి సరైనదే తెచ్చింది. బండిని మళ్ళీ ముక్కు పైకెత్తి నిలబెట్టి, మూత తీసి, తొందరపడకుండా పోసుకుంటూ పోయింది. ఈసారి బుడగలు వాటంతట అవే వచ్చాయి. ఇంకేమీ రావడం లేదన్నాక మూత వేసింది.

పొద్దు వాలకముందే వేలూరు దాకా పోయి వచ్చాం. పోయేటప్పుడు పచ్చయమ్మ కూడా ఎక్కింది. పళ్ళికొండ దాటింది, ముల్లు మధ్యలో ఉంది. పెద్ద రోడ్డు మీద వేగంగా పోనిచ్చింది, ముల్లు మధ్యలో ఉంది. వేలూరు ఊళ్ళో బండ్ల మధ్య ఇరుక్కుని పావుగంట నిలబడ్డాం, కొంచెం లేచి, ఫ్యాను గాలికి మళ్ళీ దిగింది. నేను రోడ్డు చూడలేదు, ఆ ముల్లునే చూశాను. జెన్సి కొట్టు ఆదివారం మూసి ఉంది. రంజని మూసిన షట్టరు ముందర బండి ఆపి, ముల్లు ఫొటో తీసి ఆమెకు పంపింది. "తాతకు వణక్కం చెప్పు" అని జవాబు వచ్చింది. ఆ వణక్కం ఏ ఉద్దేశంతో చెప్పిందో నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

సోమవారం అయిదుకే పలకలు ఎక్కించాం. ఎనిమిది మందిమి, వెనక గునపాలు, ఇనుప తట్టలు. ఒడుగత్తూరు వైపు రోడ్డు ఎక్కుడుగా ఉంటుంది, ముందర జవ్వాది కొండలు నీలంగా లేస్తాయి. ఎక్కుడు వచ్చినప్పుడల్లా బండిలో అందరి మాటలూ ఆగేవి. రంజని మాత్రం కూలీల్లో చిన్నదైన శృతితో, ఏ గోడ ముందు ఎత్తాలి, ఇనుము ఎక్కడ కట్టాలి అని చెబుతూనే నడిపింది. మండపం స్థలంలో బండి ఆపేసరికి ఆరుంబావు.

అణ్ణామలై అప్పటికే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గడియారం చూసుకున్నాడు. తర్వాత మమ్మల్నందరినీ చూసి, తెల్ల మీసం ఉంది కదా అని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చేతిలో నక్షా కాగితం ఉంది.

"మేస్త్రీ, గుంత కొలత ఒకసారి చూడండి" అని నాకు చాపాడు.

నలభై ఏళ్ళుగా నక్షాలు నా చేతికే వస్తున్నాయి. చెయ్యి దానంతట అది లేవబోయింది. వెనక్కి తీసుకున్నాను.

"మేస్త్రి ఆమె సార్. నేను ఆమె దగ్గర పనిచేస్తాను" అన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను. "ఆమెకు తాపీ ఇచ్చింది నేనే."

అణ్ణామలై ఒక క్షణం ఇద్దరినీ చూసి, నక్షాను రంజని చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బండి బానెట్టు మీద పరిచింది. బానెట్టు వెచ్చగా ఉంది, అంతే. వేలు పెట్టి కొలతలు చూసుకుంది, గుంత అంచు చుట్టూ నడిచి వచ్చింది, ఒక మూల మట్టి వదులుగా ఉందని ఆయనకు చూపించి అక్కడ ఇంకో అడుగు తవ్వాలని చెప్పింది. ఆయన తల ఊపాడు.

అప్పుడు మావైపు తిరిగి పనులు పంచింది. పచ్చయమ్మకు, శృతికి జల్లెడ. మిగతావాళ్ళకు పలకలు దించడం. చివరికి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమామా, మీరు ఇనుము చూసుకోండి. ఎనిమిది అంగుళాల ఎడం. ఎక్కడైనా ఏదైనా తేడా అనిపిస్తే మీరే సరిచేయొద్దండి, నన్ను పిలవండి."

"సరి మేస్త్రీ" అన్నాను.

పచ్చయమ్మ జల్లెడ పట్టుకుని పోతూ పోతూ ఆగి, నేను ఆ మాట నిజంగానే అన్నానా అన్నట్టు తిరిగి చూసింది. నేను తలగుడ్డ చుట్టుకుని ఇనుము దగ్గరికి పోయాను.